రెండు రూపాయల లఖీ నాణేలు: మా పొరపాటు, వాపసు వివరాలు

మా దుకాణంలో నాణేలు కొనే మిత్రులందరికీ నమస్కారం.

లఖీ నాణెం అంటే టంకశాలలో పొరపాటున రెండు వైపులా ఒకే బొమ్మ, ఒక వైపు ఉబ్బెత్తుగా, రెండో వైపు తిరగబడి లోతుగా పడిన నాణెం. గత మార్చి నెలలో మేము అమ్మిన ఏడు రెండు రూపాయల లఖీ నాణేలలో నాలుగు నకిలీవని తేలింది. ఆ నాలుగూ మా దగ్గరికి తిరిగి వచ్చాయి, కొన్నవారికి సొమ్ము పూర్తిగా చెల్లించాము. మిగిలిన మూడూ అదే మనిషి దగ్గర, అదే రోజు మేము కొన్నవి కాబట్టి వాటినీ అనుమానించవలసిందే. అవి మీ దగ్గర ఉంటే దయచేసి తీసుకురండి. పరీక్షలో అసలైనవని తేలినా, మీకు వద్దనిపిస్తే అమ్మిన ధరకే వెనక్కి తీసుకుంటాము. మాకు అమ్మిన వ్యక్తి మోసం చేశాడన్నది నిజమే, కాని మీరు కొన్నది మా మాట మీద గనుక బాధ్యత మాదే.

తప్పు బయటపడింది మా వల్ల కాదు. గుంటూరు నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు నాణెం బల్లమీద పెట్టి, "తూకం తగ్గిందండి, ఒకసారి చూడండి" అన్నారు. 1992 నుంచి 2004 వరకు వచ్చిన పదకొండు పలకల రెండు రూపాయల నాణెం 75 శాతం రాగి, 25 శాతం నికెల్ కలిసిన లోహంతో చేసినది. దాని బరువు 6 గ్రాములు, వెడల్పు 26 మిల్లీమీటర్లు. ఆయన తెచ్చినది 5.46 గ్రాములే తూగింది. చేతులు మారి బాగా అరిగిన నాణేలను మా డబ్బాలోంచి తీసి తూచినా ఒక్కటి కూడా అంత తక్కువకు దిగలేదు. కొనే రోజున మేము భూతద్దంతో చూసి తృప్తిపడ్డామే తప్ప త్రాసు మీద పెట్టలేదు. ఆ ఒక్క పని చేసి ఉంటే ఈ ఉత్తరం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

లఖీ నాణెం టంకశాలలో ఎలా పుడుతుందో తెలిస్తే నకిలీని పట్టుకోవడం సులువవుతుంది. ముద్ర పడిన నాణెం ఒక్కోసారి కిందికి జారిపోకుండా బొరుసు అచ్చుకే అతుక్కుని ఉండిపోతుంది. తర్వాత వచ్చిన ఖాళీ బిళ్లకు ఒక వైపు బొమ్మ అచ్చు తగిలి మూడు సింహాలు మామూలుగా ఉబ్బెత్తుగా పడతాయి. రెండో వైపు అచ్చుకు బదులు అతుక్కున్న నాణెం తగులుతుంది కాబట్టి, అవే సింహాలు అద్దంలో చూసినట్టు తిరగబడి, లోతుగా దిగుతాయి. ఈ రెండో వైపున బొరుసు అచ్చు బిళ్లను తాకనే తాకదు గనుక భారతదేశ పటం గీత ఒక్కటైనా కనిపించకూడదు. అచ్చు యంత్రపు ఒత్తిడికి లోహం అంతటా కదులుతుంది కాబట్టి మొదటి బిళ్ల మీద అక్షరాలూ, అంచు గట్టూ కూడా స్పష్టంగా లోపలికి దిగుతాయి. అతుక్కున్న నాణెం దెబ్బదెబ్బకూ సాగిపోతుంది గనుక ఆ తర్వాతి బిళ్లల మీద బొమ్మ పెద్దదై, మసకబారుతూ వస్తుంది.

నకిలీ చేసేవాడు రెండు మామూలు నాణేలను ఒకదాని మీద ఒకటి పెట్టి వైసులో బిగించి నొక్కుతాడు. ఊరికే నొక్కితే పటం నలిగిన గుర్తులు మిగిలిపోతాయి కాబట్టి ముందుగా పటం వైపు ఆకురాయితో అరగదీస్తాడు. తగ్గిన అర గ్రాము అక్కడ పోయినదే. అసలు నాణేన్ని పక్కన పెట్టి చూసినప్పుడు మాకు ఇంకా మూడు తేడాలు కనిపించాయి. లోపలికి దిగిన సింహాలలో ఎత్తైన భాగాలు మాత్రమే పడ్డాయి, చుట్టూ ఉండవలసిన చిన్న అక్షరాలు లేవు. వెనుక ఉబ్బెత్తుగా ఉన్న అసలు సింహాల ముఖాలు, వైసు దవడకు ఆనినందువల్ల, చదునుగా అణిగాయి. కాలర్‌లో, అంటే ముద్ర వేసేటప్పుడు బిళ్ల చుట్టూ పట్టి ఉంచే కట్టులో, బిగుసుకుని ముద్ర పడిన నాణేనికి ఉండే పదునైన పలకలకు బదులు మూలలు కాస్త ఉబ్బి గుండ్రబడ్డాయి. మెత్తని సీసపు బిళ్ల అడుగున పెట్టి నొక్కితే రెండో తేడా అంతగా కనిపించకపోవచ్చు, అందువల్ల ఏ ఒక్క గుర్తునో నమ్మి తీర్పు చెప్పడం మానేశాము.

అంచు కొరికినట్టుండే క్లిప్ నాణేలు మేము ఎక్కువగా అమ్ముతాము కాబట్టి వాటి గురించీ చెప్పాలి. లోహపు రేకు నుంచి బిళ్లలు కత్తిరించేటప్పుడు అంతకుముందు పడిన రంధ్రం మీదికి కత్తెర జరిగితే బిళ్లలో ఆ ముక్క లోపిస్తుంది. తర్వాత అంచు గట్టు లేపే యంత్రంలో ఆ ఖాళీకి సరిగ్గా ఎదుటి వైపున ఒత్తిడి అందదు. అందుకే అసలైన క్లిప్ నాణేలలో చాలా వాటికి ఎదుటి వైపు గట్టు బలహీనంగా ఉంటుంది. దీనినే బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. ముద్ర పడ్డాక కత్తిరించిన నాణేనికి ఎదుటి గట్టు నిండుగా ఉంటుంది, కోత దగ్గర అక్షరాలు సాగకుండా నిట్టనిలువుగా తెగిపోతాయి.

ఈ మధ్య చాలామంది అడుగుతున్న, మధ్య బిళ్ల తిరగబడిన పది రూపాయల నాణేలను మాత్రం మేము కొనము, అమ్మము. వలయానికీ మధ్య బిళ్లకూ ఒకే అచ్చు, ఒకే దెబ్బతో ముద్ర వేస్తుంది. వలయం మీద బొమ్మ వైపు, దాని మధ్యలో బొరుసు వైపు చక్కగా పడటం ఆ యంత్రంలో జరిగే పని కాదు. ఎవరో మధ్య బిళ్లను కొట్టి ఊడదీసి, తిప్పి బిగించారన్నమాటే. మధ్య బిళ్ల పక్కకు జరిగిన నాణెం అయితే అసలుది కావచ్చు, అప్పుడు అచ్చులోని బొమ్మ రెండు లోహాల మీదుగా తెగకుండా సాగి ఉండాలి.

ఈ నెల నుంచి మేము అమ్మే ప్రతి పొరపాటు నాణెం కవరు మీద మిల్లీగ్రాముల వరకు బరువు, వెడల్పు రాసి ఇస్తాము. బొమ్మ, బొరుసు, అంచు మూడింటి ఫోటోలూ కొనేముందే చూపిస్తాము. మాకు అనుమానం తీరని నాణేన్ని పొరపాటు నాణెంగా అమ్మము. దీనివల్ల సరుకు తగ్గుతుంది, కొన్ని వారాలు బల్ల ఖాళీగా కనిపించవచ్చు, అయినా ఇలాగే నడుపుతాము.

మార్చి నాణేలకు రసీదు లేకపోయినా పరవాలేదు, మా పుస్తకంలో వివరాలు ఉన్నాయి. ఒక్క మనవి: తెచ్చేముందు నాణేన్ని చింతపండుతో గాని, పొడితో గాని తోమవద్దు. ఆకురాయి గీతలూ, లోహం కదిలిన జాడలూ ఆ పైపొరలోనే కనిపిస్తాయి, అవి చెరిగిపోతే అసలు నాణేన్ని కూడా అసలుదని చెప్పడం మాకు కష్టమవుతుంది.