విత్తనాల ప్యాకెట్లు చాలు, కుళాయి ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా వీధి చివర పాత లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలం ఒకటుంది. పదిహేనేళ్లయినా పార్కు రాలేదు. వయ్యారిభామ మొలిచింది, ఇళ్లు కట్టుకున్నవాళ్లు సిమెంటు పెళ్లలు పోసి వెళ్లారు, పందులు కాపురం పెట్టాయి. మూడేళ్ల కిందట మా వీధిలో అంట్లు తోమే ఒక పెద్దావిడ అందులో ఒక మూల బాగుచేసి తోటకూర చల్లింది. కొడుకూ కోడలూ పోయారు. ఇద్దరు మనవల్నీ ఆవిడే సాకుతోంది. రేషన్ కార్డు మీద మనిషికి 5 కిలోల బియ్యం వస్తాయి కాబట్టి అన్నానికి మరీ లోటు లేదు. కూరకే కరువు.

ఆ తోట నేను రోజూ చూసేవాణ్ణి. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పున నాలుగు మళ్లు. బొరిగెతో మట్టి గుల్ల చేసి, గత్తం కలిపి, విత్తనాన్ని గుప్పెడు ఇసుకలో కలిపి చల్లేది. తోటకూర విత్తనం మరీ సన్నం కదా, ఇసుక లేకపోతే అంతా ఒక్కచోటే పడి గుంపుగా మొలుస్తుందట. ఆకుకు పురుగు పడితే పొయ్యిలో బూడిద తెచ్చి, పొద్దున్నే మంచు ఆరకముందు జల్లేది. నెల తిరక్కుండా మొదటి కోత వచ్చింది. తర్వాత గోడవార బచ్చలి, కంచె మీదికి ఆనప పాదు. పిల్లలు తినగా మిగిలిన కూర కట్టలు కట్టి మాకే అమ్మింది. నేను బేరమాడాను కూడా, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మార్చికల్లా మళ్లు ఎండిపోయాయి. వీధి కుళాయి దగ్గర్నుంచి అరవై దాటిన మనిషి ఎన్ని బిందెలు మోస్తుంది? పక్కనున్న మురుగుకాలువలోంచి తోడుకోమన్నారు కొందరు. నేనే వద్దన్నాను. ఆ నీళ్లు పారిన మట్టిలో పిల్లలు ఉత్తికాళ్లతో తిరిగితే కొంకిపురుగులు పట్టుకుంటాయి, అవి పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. బళ్లో ఆల్బెండజోల్ మాత్ర మింగించి, ఇంటికొచ్చాక మళ్లీ పురుగులు ఎక్కించినట్టవుతుంది. ఈలోగా ఎవరో ఆక్రమణ అని ఫిర్యాదు చేశారు. ఒకరోజు పొద్దున్నే జేసీబీ వచ్చి చదును చేసి పోయింది. ఇప్పుడక్కడ మళ్లీ వయ్యారిభామే. దాని మీద మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి, మహిళల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. నాలుగు మళ్ల తోటకూరతో ఇది పోతుందని నేననడం లేదు. పప్పూ గుడ్డూ కావాలి, మాత్రలూ కావాలి. కానీ రోజూ చారు మెతుకులు తినే పిల్లల కంచంలో ఆకుకూర, అందులోని ఇనుము ఒంటబట్టేలా పైన నాలుగు చుక్కల నిమ్మరసం పడితే తేడా ఉంటుంది.

ఇదంతా మనకు తెలియక కాదు. మా బోటివాళ్లం మిద్దె మీద కుండీల్లో నాలుగు టమాటాలు కాస్తే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటాం. అద్దె రేకుల షెడ్డులో ఉండేవాళ్లకు మిద్దె ఎక్కడిది? పెరటి తోటల పేరు చెప్పి విత్తనాల ప్యాకెట్లు పంచడం చాలాసార్లు చూశాను. నాకు తెలిసిన ఒక హాస్టల్లో జూన్‌లో నారు నాటి ఫొటోలు దిగారు. దసరా సెలవులకు పిల్లలు ఇళ్లకు వెళ్లొచ్చేసరికి పుల్లలు మిగిలాయి. పెద్దావిడ మాటే నిజం: "ఇత్తనాలు ఎవుడికి కావాల మేస్టారూ? నీరుండి, నన్నెవుడూ తోలకపోతే నానే పండించుకుంటాను."

నేను అడిగేదీ ఆ రెండే. ఒక కుళాయి, ఒక కాగితం. లేఅవుట్ వేసినవాళ్లు పదో వంతు స్థలం ఖాళీగా వదలాలని నిబంధన ఉంది. దాన్నంతా తోట చేయమనను, పిల్లలు ఆడుకోవద్దూ! నీడ పడని ఒక మూల చాలు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాల ద్వారా, భర్త పోయినవాళ్లకూ తల్లిదండ్రులు లేని పిల్లల్ని పెంచుతున్నవాళ్లకూ ముందుగా, ఏడాదికోసారి తిరగరాసుకునేలా సాగుకు అనుమతి ఇవ్వండి. స్థలం కార్పొరేషన్‌దే, అమ్మడానికీ షెడ్డు వేయడానికీ వీల్లేదని అందులోనే రాయండి. సోవియట్ యూనియన్ కూలి క్యూబాకు దిగుమతులు ఆగిపోయాక దాని రాజధాని హవానా నగరంలో ఖాళీ జాగాలను ఇలాగే సాగు హక్కు వరకే జనానికి ఇచ్చారు. రైతుబజారులో సాయంత్రం పారేసే ఆకులూ తుక్కూ ఈ మళ్ల దగ్గర కుప్పవేస్తే ఎరువుకూ దిగులుండదు.

అనాథ పిల్లల గృహాల సంగతి కూడా చెప్పాలి. పుట్టినరోజులకు బిర్యానీ, కేకు పట్టుకెళ్లే దాతలు మన ఊళ్లో బాగానే ఉన్నారు. మిగతా రోజుల్లో ఆ పిల్లలకు పల్చటి సాంబారే. తోట వేసుకున్నవాళ్లు కొంత కూర అక్కడికి ఉచితంగా ఇవ్వాలని షరతు పెడదామన్నాడొక మిత్రుడు. నేనొప్పుకోను. లేనివాళ్ల చేత దానం చేయించి మనం చప్పట్లు కొట్టడమేమిటి? రైతుబజారు ధరకే వాళ్ల దగ్గర కొని గృహాలకు పంపండి. ఆ కేకు డబ్బులు దాతలు ఇందుకే ఇవ్వొచ్చు.

తోటపాలెం, పూల్‌బాగ్ అని పేటల పేర్లలోనే తోటలున్న ఊరు మనది. వానలు పడేలోగా సంబంధిత అధికారులు ఒక్క వార్డులోనైనా మొదలుపెడతారా అన్నది మీ పత్రిక కనుక్కుని రాస్తే మేలు. ఆవిడ గోంగూర విత్తనాలు పాత చీర ముక్కలో మూటకట్టి రేకుల కింద దూలానికి వేలాడదీసి ఉంచింది. కనబడినప్పుడల్లా నన్నే అడుగుతోంది.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం