నాలుగో అమ్మాయి స్థానాన్ని కూడా లెక్కించండి: క్రీడా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ క్రీడా శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. పాడేరు ఏజెన్సీలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చాలా ఏళ్లు పనిచేసి ఇటీవలే పదవీ విరమణ చేశాను. పదవి ముగిసినా ఉదయం పూట పిల్లలను పరుగుకు తీసుకెళ్లే పని మానలేదు. గత డిసెంబరులో మా పాఠశాల బాలికల జట్టు మైదాన ప్రాంతంలోని ఒక పట్టణంలో జరిగిన పెద్ద క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాక, పొలాలు, ఎత్తుపల్లాల నేల మీద సాగే దూరపు పరుగు) పోటీలో పాల్గొంది. ఆ రోజు ఆ పిల్లలు ఎంత గొప్పగా పరుగెత్తారో అక్కడ ఎవరి దృష్టికీ రాలేదు. మీ దృష్టికైనా తేవాలనీ, దాన్నిబట్టి మన రాష్ట్రంలో ఈ ఆటను నడిపే తీరును మార్చమని కోరాలనీ ఈ లేఖ రాస్తున్నాను.

అది పదహారేళ్లలోపు బాలికలకు 2 కిలోమీటర్ల పరుగు. 132 మంది గమ్యం చేరారు. మా ఆరుగురిలో మొదటి అమ్మాయి ఆరో స్థానంలో వచ్చింది. ఆమె వెనుకే మావాళ్లు ఎనిమిది, తొమ్మిది, పదకొండు స్థానాల్లో వచ్చారు. అయిదో అమ్మాయిది పదిహేనో స్థానం, ఆరో అమ్మాయిది నలభై ఏడు. మా మొదటి అమ్మాయి 7 నిమిషాల 19 సెకన్లకు గీత దాటితే నాలుగో అమ్మాయి 7 నిమిషాల 31 సెకన్లకు దాటింది. అంటే నలుగురి మధ్య ఉన్న తేడా 12 సెకన్లు. పరుగు తెలిసినవారు ఈ ఒక్క అంకె చూస్తే చాలు, ఆ జట్టు ఎలాంటిదో చెప్పగలరు. ఒకే బడి నుంచి మెరికలాంటి పిల్ల ఒకరు దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. నలుగురు 12 సెకన్ల తేడాలో రావడం మాత్రం ఏడాది పొడవునా కలిసి పడిన కష్టం వల్లనే సాధ్యమవుతుంది.

ఆ కష్టం ఎలాంటిదో కొంచెం వివరంగా చెప్పడానికి అనుమతించండి. మా పాఠశాలకు ట్రాక్ లేదు. ఉన్నదల్లా వెనుకనున్న కొండ, దాని మీదికి కాఫీ తోటల మధ్యగా వెళ్లే కాలిబాట, కింద వరి మళ్లు. వలిసె పూలు పూసే కాలంలో, పొగమంచులో పది అడుగుల ముందున్న మనిషి కనిపించని ఉదయాల్లో, పిల్లలు సిల్వర్ ఓక్ చెట్ల కింద ఆ బాట ఎక్కి దిగేవారు. నేను పెట్టిన నియమం ఒక్కటే. ముందు వెళ్లే పిల్లకు వెనుక నాలుగో పిల్ల అడుగుల చప్పుడు వినబడుతూ ఉండాలి. వినబడకపోతే ముందున్న పిల్ల వేగం తగ్గించాలి. మొదట్లో వేగంగా పరుగెత్తగల అమ్మాయికి ఇది నచ్చలేదు. మూడు నెలలు గడిచేసరికి ఆగవలసిన అవసరమే రాకుండా పోయింది, వెనుకవాళ్లే ముందుకు వచ్చేశారు. నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన అతి మంచి దృశ్యాల్లో అది ఒకటి.

అంత చేసి వెళ్లిన ఆ పోటీలో జట్ల లెక్కే లేదు. వేదిక మీదికి మొదటి ముగ్గురిని పిలిచారు, పతకాలు వేశారు, ఫొటోలు తీశారు, కార్యక్రమం ముగిసింది. ప్రథమ స్థానం పొందిన అమ్మాయి అద్భుతంగా పరుగెత్తింది, ఆ పతకానికి ఆమె అన్ని విధాలా అర్హురాలు, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. అయితే తిరుగు ప్రయాణంలో బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా నేను ఫలితాల కాగితం తీసి, ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో అనుసరించే పద్ధతిలో లెక్క వేసి చూశాను. అక్కడ ఒక్కో జట్టుకు మొదటి నలుగురి స్థానాలను కూడి, ఏ జట్టు మొత్తం తక్కువైతే ఆ జట్టును విజేతగా ప్రకటిస్తారు. మా నలుగురి మొత్తం 34. ప్రథమ స్థానం పొందిన అమ్మాయి చదివే బడిలో మిగతా ముగ్గురు పద్నాలుగు, ఇరవై రెండు, ఇరవై తొమ్మిది స్థానాల్లో వచ్చారు కాబట్టి వారి మొత్తం 66. మరే బడికీ అంతకన్నా తక్కువ మొత్తం రాలేదు. అంటే ఆ రోజు పోటీకి వచ్చిన పాఠశాలలన్నిటిలోకీ మా జట్టే మొదటిది, అదీ చాలా తేడాతో. పక్క సీటులో కూర్చున్న మా నాలుగో అమ్మాయి నా చేతిలోని కాగితం చూసి, "మాస్టారూ, అయితే మనం గెలిచామా?" అని అడిగింది. గెలిచామనే చెప్పాను. దానికి రుజువుగా చూపించడానికి మాత్రం ఆ పిల్ల చేతిలో ఏమీ లేదు.

మంత్రిగారూ, క్రాస్ కంట్రీని జట్టు ఆటగా చూడకపోతే దాని ప్రాణమే పోతుంది. రెండు జట్ల మొత్తాలు సమానమైతే ఏ జట్టు నాలుగో మనిషి ముందు వచ్చారో చూసి విజేతను నిర్ణయించాలని అంతర్జాతీయ నియమం చెబుతోంది. నాలుగో మనిషికి ఈ ఆట ఇచ్చే గౌరవం అది. అమెరికా ఉన్నత పాఠశాలల్లో ఏడుగురు పరుగెత్తితే అయిదుగురి స్థానాలు లెక్కకు వస్తాయి, ప్రతి శరదృతువులోనూ వారం వారం పోటీలు జరుగుతాయి. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఆ జట్లలో పరుగెత్తుతున్నారు. కాలిఫోర్నియాలోని న్యూబరీ పార్క్ హైస్కూల్ అనే ప్రభుత్వ పాఠశాల 2021 డిసెంబరులో అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో జరిగిన జాతీయ స్థాయి పోటీకి వెళ్లి, 5 కిలోమీటర్ల పరుగులో మొదటి మూడు స్థానాలనూ తానే గెలుచుకుంది. కొలిన్ సాల్మన్ 14 నిమిషాల 3 సెకన్లకు గమ్యం చేరగా, వెంటనే కవల సోదరులు లియో యంగ్, లెక్స్ యంగ్ వచ్చారు. పాఠశాల పిల్లలు ఆ వేగానికి చేరడానికి కారణాలు చాలా ఉంటాయి, వాటన్నిటినీ మనం తెచ్చుకోలేం. ఒకే బడి పిల్లలు ఒకరినొకరు లాక్కుంటూ పరుగెత్తే పద్ధతిని మాత్రం తెచ్చుకోవచ్చు, అందుకు పైసా ఖర్చు లేదు.

మన దగ్గర పాఠశాల క్రీడల్లో మండలం దాటి, జిల్లా దాటి పైకి వెళ్లే కొద్దీ పిల్లలు జిల్లా తరఫున ఆడతారు. కబడ్డీకో, ఖోఖోకో అది సబబే కావచ్చు. క్రాస్ కంట్రీకి వచ్చేసరికి ఏడాది పాటు కలిసి పరుగెత్తిన ఆరుగురిలో ఇద్దరిని ఎంపిక చేసి నలుగురిని ఇంటికి పంపడం ఆ జట్టును విడదీయడమే అవుతుంది. ఈ ఒక్క పోటీలోనైనా పాఠశాలను పాఠశాలగానే రాష్ట్ర స్థాయి వరకు రానివ్వాలని, నలుగురి స్థానాలు కూడి జట్టు బహుమతులు ఇవ్వాలని నా మొదటి విన్నపం. ఆ జట్టు స్థానాన్ని ధ్రువపత్రంలో రాసి ఇవ్వాలి. ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచిన ప్రభుత్వం, ఆ ధ్రువపత్రానికి అందులో ఏ విలువ ఉంటుందో కూడా స్పష్టంగా ప్రకటిస్తే గిరిజన గూడేల్లోని తల్లిదండ్రులకు నేను చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. పదో తరగతి దగ్గరపడిన ఆడపిల్లను తెల్లవారుజామున పరుగుకు పంపమని అడగడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు.

పోటీ జరిగిన దారి గురించి కూడా చెప్పాలి. పేరుకు క్రాస్ కంట్రీ, పరుగు పెట్టించింది తారు రోడ్డు మీద. ఉదయం ఏడింటికి మొదలు కావలసిన పోటీ అతిథుల రాక ఆలస్యం కావడంతో తొమ్మిదిన్నర దాటాక మొదలైంది. చలికి అలవాటుపడిన కొండ పిల్లలు తీరప్రాంతపు ఎండలో, వేడెక్కుతున్న రోడ్డు మీద పరుగెత్తారు. ఇద్దరికి అరికాళ్లు బొబ్బలెక్కాయి. అంతర్జాతీయ నియమాల ప్రకారం క్రాస్ కంట్రీ దారి వీలైనంతవరకు గడ్డి నేల మీద ఉండాలి, సహజమైన ఎత్తుపల్లాలు ఉండాలి, ఒక్కో చుట్టు 1,500 నుంచి 2,000 మీటర్ల మధ్య ఉండాలి, తారు రోడ్డు దాటవలసిన అవసరం రాకుండా చూడాలి, తప్పనిసరైతే అది అతి తక్కువగా ఉండాలి. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. సింథటిక్ ట్రాక్ వేయాలంటే కోట్లు కావాలి. క్రాస్ కంట్రీకి కావలసింది కోత అయిపోయిన పొలమో, పశువులు మేసే బీడో, నాలుగు కట్టల తాడు, రంగు జెండాలు, గీతకు సున్నం, తాగే నీళ్లు, ఒక అంబులెన్సు. మైదానం లేని పాఠశాలలు ఇన్ని ఉన్న రాష్ట్రంలో ఇంతకంటే చవకగా, ఇంతమంది పిల్లలకు అందే ఆట మరొకటి ఉందని నేను అనుకోను.

ఈ ఆట నుంచి ఎవరు వస్తారని ఎవరైనా అడిగితే అవినాష్ సాబ్లే పేరు చెబుతాను. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా పల్లెటూరి రైతు కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడు ఆరు కిలోమీటర్ల దూరంలోని బడికి కాలినడకన, పరుగున వెళ్లిన అతను సైన్యంలో చేరాక 2015లో క్రాస్ కంట్రీ పోటీల్లో పరుగెత్తాడు. అక్కడి నుంచి అడ్డుకర్రలు, నీటి గుంట దాటుతూ పరుగెత్తే స్టీపుల్‌ఛేజ్‌కు మారి 2022 కామన్‌వెల్త్ క్రీడల్లో రజతం, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించాడు. మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌గా నిలిచిన నాటి నుంచి హర్డిల్స్ అంటే ఏమిటో మా బడి పిల్లలకు కూడా తెలుసు. దూరపు పరుగులోనూ అలా తమ ప్రాంతం నుంచే ఒక పేరు రావాలని వారికి ఉంది. దూరపు పరుగు వీరులకు పేరుపొందిన కెన్యాలోని ఇటెన్ లాంటి ఊళ్లు 2,400 మీటర్ల ఎత్తులో ఉంటాయి, మన పాడేరు, అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి కాబట్టి ఎత్తు ఒక్కటే మనల్ని గెలిపిస్తుందని నేను వాదించను. కొండలు ఎక్కి దిగడం, మైళ్ల కొద్దీ నడవడం పుట్టుకతోనే అలవాటైన పిల్లలు ఇక్కడ వందల్లో ఉన్నారని మాత్రం చెప్పగలను.

ఇప్పుడు మా ఆరో అమ్మాయి గురించి చెబుతాను. సాధనలో ఆమె ఎప్పుడూ మూడో స్థానానికో, నాలుగో స్థానానికో తగ్గేది కాదు. నవంబరు నుంచి వెనుకబడటం మొదలైంది. ఏకాగ్రత తగ్గిందేమోనని నేను రెండుసార్లు మందలించాను కూడా. పోటీలో సగం దూరం దాకా జట్టుతోనే ఉండి, తర్వాత ఒక్కసారిగా వెనుకబడిపోయి నలభై ఏడో స్థానంలో వచ్చింది. గీత దాటి కూర్చుండిపోయిన ఆ పిల్ల కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల తెల్లగా ఉంది. మర్నాడు ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9 అని తేలింది. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థమే తక్కువైన పిల్లను కొండ ఎక్కించి, ఎందుకు వెనుకబడ్డావని మందలించినందుకు నేను ఇప్పటికీ బాధపడుతున్నాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉంది. పాఠశాలల్లో ఇనుము మాత్రలు ఇస్తున్నారు, అది మంచి పని. పరుగు పోటీలకు పేరు నమోదు చేసుకున్న ప్రతి బాలికకు సీజను మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష తప్పనిసరి చేయమని, ఆ ఫలితం వ్యాయామ ఉపాధ్యాయుడికి చేరేలా చూడమని చేతులు జోడించి అడుగుతున్నాను. నేను చేసిన తప్పు మరో ఉపాధ్యాయుడు చేయకూడదు.

విద్యార్థి కిట్‌లో ప్రభుత్వం ఇచ్చే నల్ల బూట్లు బడికి రావడానికి బాగుంటాయి, పరుగుకు పనికిరావు. జట్టులోకి ఎంపికైన పిల్లలకైనా పరుగు బూట్లు ఇవ్వాలి. ప్రయాణ ఖర్చు, భోజన ఖర్చు పోటీకి ముందే అందాలి.

వీటన్నిటికంటే ముఖ్యంగా కావలసింది సీజను. ఏడాదికి ఒక్క పోటీ పెట్టి, ఆ ఒక్క ఉదయం బాగాలేకపోతే మళ్లీ ఏడాది ఆగమంటే ఏ పిల్ల సాధన చేస్తుంది? నవంబరు మొదటి వారం నుంచి సంక్రాంతి సెలవుల లోపు మండలానికో, రెండు మండలాలకో కలిపి కనీసం నాలుగు పోటీలు, ఆ తర్వాత జిల్లా, ఆ తర్వాత రాష్ట్ర పోటీ జరిపించండి. వరి కోతలు సాగుతూ మళ్లు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యే రోజులవి. మొదటి రాష్ట్ర పోటీని పాడేరులో గానీ అరకులో గానీ పెట్టాలని నిర్ణయిస్తే దారి గుర్తించే పని నేనూ, నా దగ్గర చదివి ఇప్పుడు వ్యాయామ ఉపాధ్యాయులైన కొందరూ కలిసి చేసిపెడతాం. మా బడి వెనుక 1,600 మీటర్ల చుట్టును ఇప్పటికే కొలిచి సున్నం గీతలు వేసి ఉంచాం. రెండు చోట్ల గట్టు దాటాలి, ఒక చోట చిన్న వాగు ఉంది, తారు ఎక్కడా తగలదు.

ఆరో అమ్మాయికి వైద్యం జరుగుతోంది. పోయిన వారం తీసిన పరీక్షలో 10.6 వచ్చింది. ఆమె ఇంకా పరుగు మొదలుపెట్టలేదు, డాక్టరు గారి సలహా మీద ఉదయం నడకకు మాత్రం వస్తోంది. ఆమెకు వచ్చే డిసెంబరు నాటికి పదహారేళ్లు నిండవు కాబట్టి ఇదే విభాగంలో మరోసారి పోటీ చేసే అవకాశం ఉంది. ఆ పోటీ జట్టు పోటీగా జరుగుతుందో లేదో వచ్చే విద్యా సంవత్సరం క్రీడా ప్రణాళిక ఖరారయ్యేలోపు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. ఆరుగురి స్థానాలు, సమయాలు ఉన్న ఫలితాల పత్రం నకలును, పిల్లల పేర్లు తీసివేసి, ఈ లేఖతో జతచేస్తున్నాను.

భవదీయుడు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
పాడేరు ఏజెన్సీ, అల్లూరి సీతారామరాజు జిల్లా.