బీమ్ టైమ్ తేదీ ఫైలు కోసం ఆగదు: ఉన్నత విద్యా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నంలో ఒక విద్యాసంస్థ ప్రయోగశాలలో సాంకేతిక ఉద్యోగిగా పనిచేసి రిటైరయ్యాను. అణుకేంద్రక భౌతికశాస్త్ర ప్రయోగాల కోసం ఆచార్యులు, పరిశోధక విద్యార్థులు ఢిల్లీ, ముంబయి, కోల్‌కతాలకు బయలుదేరేటప్పుడు వాళ్ల సామగ్రి సిద్ధం చేసి పంపడం నా పనిగా ఉండేది. నాకిప్పుడు పదవి లేదు, సంఘం లేదు, కాబట్టి మొహమాటమూ లేదు. అడగదలచింది ఒక్కటే. యాక్సిలరేటర్ (పరమాణు కణాల వేగం పెంచే యంత్రం) ఉన్న కేంద్రం ప్రయోగానికి తేదీ ఇచ్చిందంటే, ఆ తేదీ లోపల డబ్బూ సామానూ చేతికందేలా మన విశ్వవిద్యాలయాల కొనుగోలు పద్ధతి మార్చండి.

మీ బల్ల మీదికి వచ్చే ఫైళ్లలో ‘బీమ్ టైమ్’ అన్న మాట అరుదుగా కనబడుతుంది గనుక కాస్త వివరిస్తాను. యాక్సిలరేటర్ నుంచి వచ్చే కణాల ధారను మన ప్రయోగానికి వాడుకోవడానికి కేటాయించే సమయమే అది. విశ్వవిద్యాలయాలు ఉమ్మడిగా వాడుకోవడానికే ఢిల్లీలో 1984లో ఒక కేంద్రం పెట్టారు. దాన్నిప్పుడు ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ అంటున్నారు. అక్కడి పెల్లెట్రాన్ అనే యాక్సిలరేటర్‌లోకి ఆక్సిజన్ పరమాణువు ఒక ఎలక్ట్రాన్ అదనంగా మోసుకుంటూ రుణావేశంతో ప్రవేశిస్తుంది. మధ్యలో ఉన్న టెర్మినల్ (ధన విద్యుదావేశం నింపిన భాగం) మీద 12 మిలియన్ వోల్టులు ఉన్నాయనుకోండి, అది లాగేసరికి 12 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తుంది. అక్కడ పలచటి కార్బన్ పొరను దాటుతూ ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని ఏడు ధనావేశాలతో బయటపడుతుంది. ఇంతసేపూ లాగిన టెర్మినలే ఇప్పుడు తోస్తుంది, ఏడు పన్నెండ్లు, మరో 84 వస్తాయి. మొత్తం 96. ఆ వేగంతో వచ్చిన అయాన్లు (ఆవేశమున్న పరమాణువులు) మనం పెట్టిన టార్గెట్‌ను, అంటే పలచటి పొరను, ఢీకొట్టినప్పుడు వెలువడే గామా కిరణాలను చుట్టూ ఉన్న డిటెక్టర్లు నమోదు చేస్తాయి.

ఆ యంత్రం కోసం దేశం నలుమూలల నుంచీ దరఖాస్తులు వస్తాయి. నిపుణుల సంఘం ముందు వాదించి గెలిస్తే ఎనిమిదేసి గంటల షిఫ్టులు కొన్ని దక్కుతాయి. యంత్రం రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. మన వంతు వచ్చేసరికి మనం సిద్ధంగా లేకపోతే ఆ షిఫ్టులు ఇంకొకరికి పోతాయి, మళ్లీ వరుసలో నిలబడాలి. పరిశోధక విద్యార్థి ఫెలోషిప్ గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

సిద్ధం కావడమంటే టికెట్లు కొనుక్కోవడం కాదు. తగరాన్నే తీసుకోండి. ప్రకృతిలో దొరికే తగరంలో పది స్థిర ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న తగరం పరమాణు రకాలు, కలిసి ఉంటాయి. ప్రయోగానికి అందులో ఒక్కటే కావాలి. అలా వేరుచేసిన లోహాన్ని మిల్లీగ్రాముల లెక్కన అమ్మే సంస్థలు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ. ఆ చిన్న ముక్కను రెండు స్టీలు రేకుల మధ్య పెట్టి, రోలింగ్ యంత్రంలో మళ్లీ మళ్లీ నొక్కి, మైక్రాన్ అటూ ఇటూగా ఉండే పొరను తీస్తాం. దాని పక్కన పెడితే ఆత్రేయపురం పూతరేకు కూడా మందంగానే అనిపిస్తుంది. అంచు దగ్గర చిరిగితే ఆ తునకలను కూడా పారేయకుండా సీసాలో దాచుకుంటాం, మళ్లీ కరిగించుకోవచ్చని. పొర మందం ఎంతో తేల్చడానికి అమెరీషియం 241 అనే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే ఆల్ఫా కణాలను దాని గుండా పంపి, ఎంత శక్తి తగ్గిందో కొలుస్తాం.

కార్బన్ పొరల పని ఇంకా సున్నితం. వాక్యూమ్‌లో గాజు పలక మీద కార్బన్ పూత వేసి, ఆ పలకను ఏటవాలుగా పట్టుకుని గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లోకి మెల్లగా దించితే పొర ఊడి నీటి మీద తేలుతుంది. రంధ్రమున్న అల్యూమినియం ఫ్రేమును దాని కిందికి పోనిచ్చి ఎత్తాలి. గదిలో ఫ్యాను తిరగకూడదు, పనిచేసేవాడు గట్టిగా ఊపిరి వదలకూడదు. మే నెల విశాఖలో ఫ్యాను కట్టేసి ఈ పని చేయడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇంత చేసినా సముద్రపు గాలి ఊరుకోదు. అరుదైన మృత్తిక లోహాల పొరలైతే తేమ తగిలి పాడవుతాయి. అందుకే గాలి తీసేసిన డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూత పాత్రలో) పెట్టి, ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ దాకా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లేవాళ్లం.

డిటెక్టర్లదీ ఇదే తంతు. జెర్మేనియం డిటెక్టర్ పనిచేయాలంటే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ దానికి ఎప్పుడూ అందుతూ ఉండాలి. స్టీలు కోసం గాలిని టన్నుల కొద్దీ ద్రవంగా మార్చే ఊరు మనది. అయినా కొన్ని లీటర్ల నైట్రోజన్‌కు ఇండెంటు పెట్టి, సంతకాల కోసం ఎదురుచూసిన సందర్భాలు నాకు గుర్తున్నాయి.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఢిల్లీ వాళ్లు షిఫ్టులు ఇచ్చాక మా దగ్గర పూత యంత్రం వాక్యూమ్ పంపు చెడిపోయింది. పెద్ద ఖర్చేమీ కాదు. మూడు కొటేషన్లు తెమ్మన్నారు, తెచ్చాం. ఒకదానిలో జీఎస్టీ విడిగా చూపలేదని ఫైలు తిప్పి పంపారు. సరిచేసి పంపేసరికి సంతకం పెట్టాల్సిన అధికారి బదిలీ అయ్యారు. ఆ తర్వాత మార్చి 31 వచ్చింది, నిధులు వెనక్కి పోయాయి. షిఫ్టులు మరెవరో వాడుకున్నారు. ఆ సంస్థ పేరు రాయను. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు, అందరూ నిబంధన పాటించారు. నా బాధంతా అదే.

ఈ నిబంధనలు మారవన్న మాట నేను ఒప్పుకోను. 2025 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం తన శాస్త్ర పరిశోధన సంస్థలకు కొనుగోలు నియమాలను సడలించింది. కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షల రూపాయలకు, కొనుగోలు సంఘం పరిమితిని 10 లక్షల నుంచి 25 లక్షలకు పెంచింది. ప్రత్యేక పరికరాలను జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోలు పోర్టల్ బయట కొనే అధికారాన్ని సంస్థల అధిపతులకే ఇచ్చింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిశోధనకూ ఇవే పరిమితులు వర్తిస్తాయని మీరు ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. దానికి తోడు, బీమ్ టైమ్ కేటాయింపు లేఖ చేతికి రాగానే విభాగాధిపతి వాడుకోగలిగే చిన్న నిధి ఒకటి ఉండాలి. మార్చి 31తో అది మురిగిపోకూడదు. ఆడిట్ వద్దని నేననడం లేదు. ఖర్చయ్యాక పైసా పైసా లెక్క అడగండి. వేరుచేసిన ఐసోటోపుకు మాత్రం మూడు కొటేషన్లు అడగకండి, మూడో అమ్మకందారు దొరకడు.

ఇదంతా కొద్దిమంది ఆచార్యుల సరదా అని మీ అధికారులు అనవచ్చు. అచ్యుతాపురం దగ్గర బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ప్రాంగణం ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఉంది. కొవ్వాడ కావాలనేవారికీ వద్దనేవారికీ కూడా రేడియేషన్ కొలవడం వచ్చిన మనుషులు కావాలి. డిటెక్టర్‌ను సొంత చేతులతో నడిపిన విద్యార్థికి వచ్చే పట్టు పుస్తకం చదివిన వాడికి రాదు. గోదావరి జిల్లాలో పుట్టి, ప్రేగ్, లివర్‌పూల్‌లలో పరిశోధన చేసి వచ్చిన స్వామి జ్ఞానానంద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ చదువుకు పునాది వేసింది 1950లలోనే. అక్కడి అణుకేంద్రక పరిశోధన ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు.

చివరగా మనుషుల సంగతి. టార్గెట్లు తయారుచేసే పనికి పుస్తకం లేదు, పక్కన నిలబడి చూసి నేర్చుకోవాల్సిందే. సాంకేతిక ఉద్యోగులు రిటైరైన చోట కొత్తవారిని వేయకపోతే యంత్రాలకు దుప్పటి కప్పాల్సి వస్తుంది. విశాఖలో అన్ని విశ్వవిద్యాలయాలకూ ఉమ్మడిగా ఒక టార్గెట్ గది ఏర్పాటు చేసి, ఒక్క శాశ్వత పోస్టు మంజూరు చేయండి. వచ్చిన వారికి నేను నేర్పుతాను, జీతం అక్కర్లేదు. నేర్చుకునే మనిషిని మాత్రం మీరు నియమించాలి.

భవదీయుడు,
రిటైర్డ్ ప్రయోగశాల సాంకేతిక ఉద్యోగి,
విశాఖపట్నం