జపాన్ అంటే బుల్లెట్ రైలు ఒక్కటేనా?

ఎడిటర్ గారికి,

మన పేపర్లలో జపాన్ రైళ్ల మీద ఏం రాసినా చివరికి అది బుల్లెట్ రైలు దగ్గరికే చేరుతుంది. గంటకు 320 కిలోమీటర్ల వేగం, నిమిషం కూడా తప్పని టైమింగ్, అద్దంలా మెరిసే బోగీలు, ఆ వెంటనే మనకెప్పుడు వస్తుందో అన్న నిట్టూర్పు. నేను వాటిని తక్కువ చేయడం లేదు, ఎక్కాను, బాగానే ఉంది, విమానంలో కూర్చున్నట్టే ఉంది. కానీ నా స్నేహితుడితో కలిసి ఆ దేశపు ఈశాన్య మూల ఫుకుషిమా కొండల్లో తిరిగే తదామి లైన్ ఎక్కాక, మన పేపర్లు రాయాల్సిన సంగతి ఇంకొకటి ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మావాడు విశాఖ వాడే, ఇప్పుడు టోక్యోలో ఉద్యోగం. ఫిబ్రవరిలో నేను వెళ్తే, "ఒరేయ్, క్యోటో గుళ్లు అందరూ చూస్తారు, నేనొక రైలు చూపిస్తా రా" అని లాక్కుపోయాడు. కొరియామా దాకా బుల్లెట్ రైలు, అక్కడ మారి ఐజు-వకమత్సు, అక్కడ మళ్లీ మారితే రెండు పెట్టెల డీజిల్ బండి. ఐజు-వకమత్సు నుంచి కొయిదే వరకు 135 కిలోమీటర్లు, అందుకు నాలుగు గంటల పైనే పడుతుంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లే బండ్లు రోజుకు మూడే, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఒకటి తప్పితే ఆ మంచులో గంటలకు గంటలు కూర్చోవాల్సిందే, అందుకే తెల్లవారుజామున లేపాడు, దారంతా తిట్టుకుంటూనే వెళ్లాను.

బండిలో డ్రైవర్ ఒక్కడే, కండక్టర్ లేడు. ఎక్కేటప్పుడు తలుపు దగ్గర మిషన్‌లోంచి నంబరు వేసిన చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు డ్రైవర్ తల మీద ఉన్న బోర్డులో ఆ నంబరుకు ఎంత ఛార్జీ చూపిస్తే అంత పక్కనున్న డబ్బాలో వేసి ముందు తలుపు గుండా దిగాలి. అచ్చం మన సిటీ బస్సు వ్యవహారమే, కాకపోతే చిల్లర కోసం గొడవ లేదు, అక్కడే నోటు మార్చే మిషన్ ఉంది. చాలా స్టేషన్లలో మనిషే ఉండడు. చిన్న గది, ఒక బల్ల, గోడకు టైమ్‌టేబుల్, బయట నిలువెత్తు మంచు, అంతే.

తిండి సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను శాకాహారిని. అక్కడ ఏ బాక్సు తెరిచినా చేపో మాంసమో ఉంటుంది. మావాడు ముందే చూసుకుని ఉప్పులో ఊరవేసిన పుల్లటి పండు మధ్యలో పెట్టి సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్దలు కొన్నాడు, దాంతోపాటు వాళ్లావిడ కట్టిచ్చిన పులిహోర. కిటికీ అవతల తదామి నది, దాని మీద ఇనుప వంతెన, మంచు మోస్తున్న చెట్లు, మేం పులిహోర తింటున్నాం. ఎదురుగా కూర్చున్న పెద్దావిడకు కొంచెం పెడితే తిని, సంచీలోంచి రెండు కమలాపళ్లు తీసి ఇచ్చింది. ఆ ఫొటోలన్నీ మావాడి దగ్గరే ఉన్నాయి, అడిగితే రేపు మాపు అంటున్నాడు.

ఇక అసలు విషయం. 2011 జులైలో, అంటే సునామీ వచ్చిన నాలుగు నెలలకే, అక్కడ కుండపోత వానలు పడి నది పొంగి ఈ లైను మీది వంతెనలు కొట్టుకుపోయాయి. ఐజు-కవగుచి నుంచి తదామి దాకా 27.6 కిలోమీటర్లు ఆగిపోయింది. వరదకు ముందు ఏడాది లెక్క ప్రకారం ఆ ముక్క మీద ఏ చోట చూసినా రోజుకు సగటున ప్రయాణించేవాళ్లు 49 మంది. మళ్లీ చదవండి, నలభై తొమ్మిది. రైల్వే కంపెనీ ఇక్కడ రైలు వద్దు, బస్సు వేస్తాం అంది. కంపెనీ వైపు నుంచి చూస్తే అందులో తప్పేం ఉందో నాకైతే కనిపించలేదు.

ఫుకుషిమా ప్రభుత్వం, దారిలోని ఊళ్లూ మాత్రం ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి చర్చలు జరిగి చివరికి కుదిరిన ఒప్పందం ఇది: ఆ ముక్కలోని పట్టాలు, వంతెనలు, స్టేషన్లు ఆ రాష్ట్రానివి, వాటి మరమ్మతు ఖర్చు ప్రజల పన్ను డబ్బు నుంచి, రైలు నడిపేది మాత్రం కంపెనీ. బాగు చేయడానికి సుమారు 900 కోట్ల యెన్‌లు అయింది. 2022 అక్టోబర్ 1న మళ్లీ రైలు తిరిగింది, పదకొండేళ్ల తర్వాత. ఇంతకీ ఎందుకంత పట్టుదల అంటే, చలికాలంలో తదామి నుంచి అవతలి కొయిదే వైపు వెళ్లే రోడ్డు కనుమ దగ్గర మంచుతో మూసేస్తారు, అప్పుడు ఆ కొండ దాటించేది ఆరు కిలోమీటర్లకు పైగా ఉన్న సొరంగంలోంచి పోయే ఈ రైలు ఒక్కటే. 1980లలో నష్టాల లైన్లన్నీ వరుసగా మూసేస్తున్నప్పుడు కూడా దీన్ని మూయకుండా ఉంచింది ఈ రోడ్డు కారణంగానే.

అంతా గొప్పగా ఉందని నేను రాయను. మా పెట్టెలో సగం మంది కెమెరాలు పట్టుకున్నవాళ్లే, వంతెన రాగానే అందరూ ఒకే కిటికీ దగ్గరికి ఎగబడ్డారు, మేమూ ఎగబడ్డాం. ఊరి జనం ఎంతమంది ఎక్కారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాళ్లలోనూ అందరూ ముసలివాళ్లే. టూరిస్టులు రావడం మానేస్తే ఏడాదికేడాది ఆ ఖర్చు భరించడం కష్టమే. పైగా జపాన్ అంతటా ఇలాగే జరగలేదు. ఇంకా ఉత్తరాన హొక్కైదోలో హిదకా లైను 2015 జనవరిలో సముద్రపు అలలకు దెబ్బతింటే బాగు చేయనే లేదు, 2021 ఏప్రిల్‌లో 116 కిలోమీటర్లు శాశ్వతంగా మూసేశారు. కాబట్టి వాళ్లు దేవుళ్లు, మనం దద్దమ్మలం అని అనుకోనక్కర్లేదు.

తదామి లైన్‌లో ఆ ముక్కను మొదట వేసింది కూడా జనం కోసం కాదు, పైన తగొకురా డ్యామ్ కట్టడానికి సిమెంటు, ఇనుము మోయడానికి. ఇది చెబుతూ మావాడు నవ్వాడు. వాళ్ల నాన్నగారు విశాఖ పోర్టులో ఇనుప ఖనిజం ఎక్కించే చోట పనిచేశారు. మన కొత్తవలస-కిరండూల్ లైను 1960లలో బైలదిల్లా ఖనిజాన్ని జపాన్ ఉక్కు ఫ్యాక్టరీలకు పంపడానికే కదా వేసింది. ఇప్పుడు అదే లైను మీద అరకు వెళ్లే జనం అద్దాల బోగీలో సీటు దొరక్క తన్నుకుంటున్నారు. సరుకు కోసం వేసిన లైనుకు మనుషులు అలవాటు పడితే, సరుకు ఆగినా మనుషులు ఆగరు.

అందుకని నా విన్నపం ఒకటే. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి ఒకప్పుడు ఒక్క పెట్టె రైల్‌బస్ తిరిగేది, గుర్తుందా? బుల్లెట్ రైలు మీద మరో ప్రత్యేక పేజీ వేసే ముందు దాని కథ ఒకసారి రాయండి. రోజుకు ఎంతమంది ఎక్కేవారు, నడపడానికి ఎంత అయ్యేది, రాష్ట్రం గానీ ఆ ఊళ్లు గానీ ఆ ఖర్చులో కొంత మోస్తామని ఎప్పుడైనా ముందుకొచ్చాయా, అసలు అలా అడిగే దారి మన చట్టంలో ఉందా? ఫుకుషిమా వాళ్లు 49 అన్న అంకె జనం ముందు పెట్టుకునే వాదించుకున్నారు. మన దగ్గర ఆ అంకె ఎంతో కనుక్కుని అచ్చు వేయండి, తర్వాత రైలు కావాలో బస్సు చాలో జనమే చెబుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం