వెలిగే చెట్లు నిజంగానే ఉన్నాయి, వాటికి చీకటి కావాలి

సంపాదకుడికి నమస్కారం.

నల్లటి నీళ్ల మీదికి వాలిన పెద్ద చెట్టు. కొమ్మకొమ్మా నీలిరంగులో వెలుగుతూ ఉంటుంది. ఎక్కడో మారుమూల చిత్తడి అడవిలో మాత్రమే పెరిగే అరుదైన జాతి అని కింద రాసి ఉంటుంది. ఇలాంటి చిత్రాలు ఈమధ్య ఫోన్లలో విపరీతంగా తిరుగుతున్నాయి. అవి కంప్యూటర్ గీసిన బొమ్మలు. ఆ చెట్టు ఎక్కడా లేదు. కల్పన అని చెప్పి చూపిస్తే నాకే అభ్యంతరమూ లేదు, అద్భుత వృక్షాల కథలు వింటూ పెరిగినవాళ్లమే మనమంతా. నా బాధ వేరు. రాత్రిపూట నిజంగా వెలిగే చెట్లున్న చిత్తడి నేలలు ఈ భూమి మీద ఉన్నాయి. వాటి గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఆ వెలుగును ఆర్పుతున్నవాటిలో మన దీపాలు కూడా ఉన్నాయని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

మలేసియాలో సెలంగోర్ నది సముద్రంలో కలిసే ప్రాంతానికి దగ్గరగా కంపుంగ్ కువాంతన్ అనే ఊరుంది. అక్కడ ఒడ్డు వెంబడి బెరెంబాంగ్ అని పిలిచే మడజాతి చెట్లు పెరుగుతాయి. చీకటి పడగానే వాటి ఆకుల మీద మిణుగురులు గుంపులు గుంపులుగా చేరతాయి. ముందు ఎవరికి తోచినట్టు అవి మెరుస్తాయి. కాసేపటికి మగ మిణుగురులన్నీ ఒకే లయలోకి వస్తాయి. సెకనుకు దాదాపు మూడుసార్లు చెట్టంతా ఒక్కసారిగా వెలిగి ఒక్కసారిగా ఆరుతుంది. తాళం వేసేవాళ్లెవరూ ఉండరు. పక్క పురుగు మెరుపును చూసి తన మెరుపును కాస్త ముందుకో వెనక్కో జరుపుకుంటుంది ప్రతి పురుగూ. అలా జరుపుకుంటూనే చెట్టు మొత్తం కలిసిపోతుంది.

దీన్ని చాలాకాలం లోకం నమ్మలేదు. 1690లో సయాం (నేటి థాయిలాండ్) వెళ్లిన జర్మన్ వైద్యుడు ఎంగెల్‌బర్ట్ కెంఫర్ నది ఒడ్డు చెట్ల మీద ఈ వింతను చూసి వర్ణించారు. రెండు వందల ఏళ్లు గడిచాక, 1917లో, ఫిలిప్ లారెంట్ అనే ఆయన 'సైన్స్' పత్రికకు రాస్తూ, తనకలా కనిపించడానికి కారణం పురుగులు కావని, తన కనురెప్పలు అదరడమేనని తేల్చేశారు. 1960లలో జాన్ బక్, ఎలిజబెత్ బక్ దంపతులు థాయిలాండ్ వెళ్లి, పట్టుకున్న మిణుగురులను చీకటి గదిలో వదిలి చూశాక గానీ అనుమానాలు తీరలేదు. మిణుగురులు గది గోడల మీద కూడా ఒకదానితో ఒకటి కలిసి మెరిశాయి.

ఆ మెరుపు మన కళ్లకు పండుగే, పురుగులకు మాత్రం అది జతను పిలిచే పిలుపు. మగవి మెరుస్తాయి, ఆడవి చూసి బదులు మెరుస్తాయి. ఎదుటి ఒడ్డున నాలుగు దీపాలు పెడితే ఆ పిలుపు సగం దూరం కూడా పోదు. జత కుదరకపోతే గుడ్లు లేవు, మరుసటి తరం లేదు. రెక్కలు వచ్చాక మిణుగురు బతికేదే కొద్ది వారాలు. వృథా అయిన ప్రతి రాత్రీ దాని ఆయుష్షులో పెద్ద భాగమే.

దాని బాల్యం గడిచేది చెట్టు మీద కాదు, ఒడ్డున తడినేలలో. లార్వా దశలో అది నత్తలను తిని బతుకుతుంది. అందువల్ల నీటి అంచున వరుసగా నాలుగు చెట్లు ఉంచి, వాటి వెనక పొదలు కొట్టి, నేల చదును చేసి, సిమెంటు దారి వేస్తే చెట్లు మిగులుతాయి, వెలుగు మిగలదు. విహారానికని జరిగే అభివృద్ధి పనుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. నరికిన చెట్టయితే లెక్కలోకి వస్తుంది. తడి ఆరిన నేల ఎవరి లెక్కలోకీ రాదు.

2020లో 'బయోసైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రపంచవ్యాప్తంగా మిణుగురుల నిపుణులను అడిగి, వాటికి ప్రధానమైన ముప్పులేమిటో గుర్తించింది. ఆవాసాలు పోవడం మొదటిది. కృత్రిమ కాంతి, పురుగుమందులు ఆ తర్వాతవి. మడ అడవుల సంగతి చూస్తే, వాటి ఆవరణ వ్యవస్థల్లో సగం కుప్పకూలే ప్రమాదంలో ఉన్నాయని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2024లో ప్రకటించింది. ఇక 2011 నుంచి 2022 వరకు సామాన్యులు చేసిన నక్షత్ర పరిశీలనలను క్రోడీకరిస్తే, రాత్రి ఆకాశం వెలుతురు సగటున ఏడాదికి 9.6 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది. ఉన్న అడవి తగ్గుతోంది, మిగిలిన అడవిలో చీకటి తగ్గుతోంది.

వెలిగే మొక్కలను మనమే తయారు చేసుకోవచ్చు కదా అని కొందరంటారు. నిజమే, వెలిగే పుట్టగొడుగు జన్యువులు చేర్చిన పెటూనియా పూలమొక్కలు 2024లో అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. ముచ్చటైన సంగతే, కాదనను. కానీ వాటి మసక వెలుగు చూడాలన్నా ముందు గదిలో దీపం ఆర్పాలి. కుండీలోని పెటూనియా నదీతీరంలోని బెరెంబాంగ్‌కు బదులు కాదు. ఆ చెట్టు వేళ్లు ఒడ్డును పట్టి ఉంచుతాయి, రాత్రిపూట విరిసే దాని పూల కోసం గబ్బిలాలు వస్తాయి.

పరిష్కారం ఖర్చుతో కూడినదేమీ కాదు. అవసరం లేని దీపాలు తీసేయాలి. అవసరమైనవాటికి మూతలు బిగించి వెలుగు నేలకే పరిమితం చేయాలి. తెల్లటి దీపాల చోట తక్కువ కాంతినిచ్చే కాషాయ రంగువి పెట్టి, పొద్దుపోయాక ఆర్పేయాలి. చెట్లకు రంగురంగుల దీపాల తోరణాలు చుట్టడం పూర్తిగా మానాలి. మిణుగురుల చెట్టుకు విద్యుద్దీపాలు చుట్టడం కంటే అన్యాయం మరొకటి నాకు తోచడం లేదు. చూడవచ్చేవాళ్లు చప్పుడు చేయని తెడ్ల పడవల్లో, ఫోను వెలుగు, కెమెరా ఫ్లాష్ లేకుండా చూసి వెళ్లాలి. చట్టం చేయడం కష్టమనేవాళ్లకు ఫ్రాన్స్ ఉదాహరణ ఉంది. 2018 డిసెంబరులో ఆ దేశం తెచ్చిన ఉత్తర్వు నదులు, సరస్సులు, సముద్రతీరం మీద దీపాలు నేరుగా పడకుండా కట్టడి చేసింది, కొన్ని మినహాయింపులతో. మడ అడవులున్న ప్రతి దేశానికీ అలాంటి నియమం కావాలి. తీరంలో కొత్త దీపస్తంభానికి అనుమతి ఇచ్చేముందు అక్కడ చీకటి మీద ఆధారపడి ఏయే ప్రాణులు బతుకుతున్నాయో పరిశీలించడం తప్పనిసరి చేయాలి.

మీ పత్రికకు నా విన్నపాలు రెండు. కంప్యూటర్ గీసిన ప్రకృతి చిత్రాలు ఎప్పుడు వేసినా, అది ఊహాచిత్రమని స్పష్టంగా, కంటికి ఆనే అక్షరాల్లో వేయండి. జూలై మొదటి శని, ఆదివారాల్లో జరిగే ప్రపంచ మిణుగురుల దినం సందర్భంగా పిల్లల పేజీలో ఈ చెట్ల గురించి, లార్వాలు పెరిగే ఆ బురద గురించి కూడా ఒక మంచి వ్యాసం ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకురాలు