ఆ హాల్లో నా పక్కన కూర్చున్న అక్కకి

నేను చెబుతుంటే మా తమ్ముడు టైప్ చేస్తున్నాడు. ఫోన్ వెలుతురు నేను ఇంకా చూడలేను. మధ్యలో డ్రాప్స్ కోసం ఆగాల్సి వస్తోంది కాబట్టి ఇది ఒక వరసలో రాకపోవచ్చు, ఏమనుకోకండి. కానీ ఈ రోజే చెప్పాలి. పొద్దున డాక్టర్ గారు నల్లగుడ్డు మీది పుండు మూసుకుందన్నారు. మచ్చ మిగులుతుందట. చూపు ఎంతవరకు వస్తుందో ఇంకొన్ని నెలలు ఆగి చూడాలట. అయినా కన్ను నిలిచింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఏడుస్తూనే ఉన్నాను. ఏడిస్తే మందు కారిపోతుందని అమ్మ కోప్పడుతోంది.

చాలామందికి థాంక్స్ చెప్పాలి. అందరికంటే ముందు ఒక్క మనిషికి. ఆమె పేరు రాయొద్దంది, అందుకే అక్క అనే అంటాను.

నాకు వచ్చింది అకాంతమీబా కెరటైటిస్, అంటే అకాంతమీబా వల్ల నల్లగుడ్డుకి (కార్నియాకి) వచ్చే ఇన్ఫెక్షన్. అకాంతమీబా అంటే కుళాయి నీళ్లలో, ఈతకొలనులో, మట్టిలో, దుమ్ములో అన్నిచోట్లా ఉండే సూక్ష్మజీవి. మామూలుగా ఎవరినీ ఏమీ చేయదు. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లకే ముప్పు ఎక్కువ. నీటి తడి తగిలితే అది లెన్స్‌కి అంటుకుంటుంది. కంటి మీద కనపడనంత చిన్న గీత ఉన్నా అక్కడి నుంచి లోపలికి దిగుతుంది. నల్లగుడ్డు మందం అర మిల్లీమీటరు పైచిలుకే, దాని నిండా నరాలే. ఈ అమీబా ఆ నరాల వెంబడే పాకుతుందట. అందుకే పైకి కొంచెం ఎర్రగా కనిపిస్తుంది, నొప్పి మాత్రం తల బాదుకునేంత ఉంటుంది.

ఆ నొప్పిని ఎవరూ నమ్మలేదు. మొదట చూపించుకున్న చోట హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చింది అన్నారు. ఈ రెండూ మొదట్లో ఒకేలా ఉంటాయట, ఆ పొరపాటు చాలాచోట్ల జరుగుతుందట. సరే, దాన్ని అర్థం చేసుకోగలను. కానీ లెన్స్ వాడతావా అని ఒక్కసారి కూడా అడగలేదు. స్టెరాయిడ్ డ్రాప్స్ రాశారు. కొద్ది రోజులు ఎరుపు తగ్గింది, తర్వాత అంతకు అంత పెరిగింది. మళ్లీ వెళ్తే "ఇంత చిన్న ఎరుపుకి ఇంత గొడవేంటి" అన్నట్టు మాట్లాడారు. నాకే అనుమానం వచ్చింది, నేనే ఓర్చుకోలేకపోతున్నానేమో అని.

పెద్ద ఆసుపత్రికి వెళ్లేసరికి నేను రెండు కళ్లూ తెరవలేని స్థితిలో ఉన్నాను. బాగున్న కన్ను తెరిచినా బాగోలేని కంట్లో పోటు. హాలంతా ట్యూబ్‌లైట్లు. తమ్ముడి చున్నీ... కాదు, నా చున్నీయే, వాడు నా తల చుట్టూ కప్పి పట్టుకుని కూర్చున్నాడు. మా టోకెన్‌కి చాలా టైమ్ ఉంది. అప్పుడు పక్క కుర్చీలోంచి ఒక ఆడమనిషి గొంతు: "లెన్స్ పెట్టుకుంటావా అమ్మా?"

అవునన్నాను. "నొప్పి రాత్రిళ్లు ఎక్కువగా ఉంటుందా? నిద్ర లేదా?" అంది. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుని అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది: "నొప్పి నిజమే అమ్మా. ఎవరేమన్నా సరే, నీ నొప్పి నిజమే. నాకూ వచ్చింది."

అన్ని రోజుల్లో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమె. ఇది చెబుతుంటే ఇప్పటికీ గొంతు రావట్లేదు.

తర్వాత ఆమె మా తమ్ముణ్ణి అడిగింది, "లెన్స్ డబ్బా పారేశారా?" అని. ఆ పొద్దునే చెత్తబుట్టలో వేశాం. "పరుగెత్తి తీసుకురా బాబూ, లెన్సులు కూడా. కడక్కు. డబ్బాలోంచి కూడా పరీక్షకి పంపుతారు" అంది. వాడు వెళ్లాడు. వాడు వచ్చేదాకా చున్నీ ఆమె పట్టుకుంది. తన నల్ల కళ్లజోడు తీసి నాకు పెట్టింది. ఈలోపు ఆమె నంబర్ పిలిచారు. లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లి, నాది రొటీన్ చెకప్, ముందు ఈ అమ్మాయిని చూడండి, లెన్స్ కేసు, నల్లగుడ్డు గీరి పరీక్ష చేయాల్సి రావచ్చు అని వాళ్లని ఒప్పించి నన్ను లోపలికి పంపింది.

నాకు అప్పుడు తెలియని సంగతి ఒకటి ఉంది. ఆమెకి ఒక కంటికి నల్లగుడ్డు మార్పిడి జరిగింది. ఆ కన్ను ఇప్పటికీ గట్టి వెలుతురు భరించలేదు. నాకు కళ్లజోడు ఇచ్చాక ఆ ట్యూబ్‌లైట్ల కింద అరచెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుందట. తమ్ముడు ఇంటికి వచ్చాక చెప్పాడు. నేను ఆమె ముఖం చూడనే లేదు. అడిగితే, "నువ్వు కొత్తగా పడుతున్నావు, నాకు అలవాటే" అందట.

డాక్టర్ గారు లెన్స్ మాట వినగానే ఆ రోజే పరీక్షలన్నీ చేయించారు. నల్లగుడ్డు మీది నుంచి కొంచెం గీరి స్లైడ్ మీద పెట్టారు. ఇంకొంచెం, బ్యాక్టీరియా పరిచిన ప్లేట్ మీద వేశారు. అమీబా ఉంటే ఆ బ్యాక్టీరియాని తింటూ పోతుంది, అది వెళ్లిన దారులు మైక్రోస్కోప్‌లో కనిపిస్తాయట. స్లైడ్ లోనే దొరికింది. తర్వాత డబ్బాలోనూ ఉందని తేలింది.

ఇక మందు. మొదట్లో రాత్రీ పగలూ గంట గంటకీ చుక్కలు. అమ్మ, నాన్న, తమ్ముడు వంతులు వేసుకుని వేశారు. వాళ్ల గురించి ఏం చెప్పను, వాళ్లు నావాళ్లు. కానీ అక్క! చదవలేనని తెలిసి ఆమె రోజూ రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టేది. వాటిలో ఓదార్పు మాటలు తక్కువ, పనికొచ్చే మాటలు ఎక్కువ. రెండు మందుల మధ్య ఐదు నిమిషాలు ఆగు, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. చుక్క పడ్డాక కన్ను మూసి ముక్కు పక్కన మెల్లగా నొక్కు. కాస్త తగ్గిందని మందు మానకు, ఆ అమీబా గట్టి పెంకు కట్టుకుని లోపల దాక్కుంటుంది, నెలల తర్వాత కూడా బయటికి రాగలదు. ఒక రాత్రి మాత్రం మందు సంగతులేవీ లేవు. "నాకు వచ్చినప్పుడు ఈ మాటలు చెప్పేవాళ్లు లేరు. అందుకే నీకు చెబుతున్నాను" అంది. ఆ మెసేజ్ ఎన్నిసార్లు విన్నానో.

ఒక మాట అనకుండా ఉండలేను. లెన్స్ ఇచ్చిన చోట నాకు పెట్టుకోవడం నేర్పించారు, తీయడం నేర్పించారు. చేతులు కడుక్కోమన్నారు. కడుక్కున్నాక పొడిగా తుడుచుకోమని చెప్పలేదు. లెన్స్‌కి నీళ్లు తగలకూడదని, స్నానానికీ ఈతకీ ముందు తీసేయాలని, డబ్బాని నీళ్లతో కడగకూడదని, లెన్స్ కడిగే సొల్యూషన్‌తోనే కడిగి బోర్లించి ఆరబెట్టాలని, మూడు నెలలకోసారి మార్చాలని, పాత సొల్యూషన్ మీద కొత్తది పోయకూడదని, పెట్టుకుని నిద్రపోతే ఇన్ఫెక్షన్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందని ఒక్కరూ చెప్పలేదు. పెట్టె లోపలి కాగితంలో చీమల బారులాంటి అక్షరాల్లో ఉందేమో. చూపు బాగున్నవాళ్లే ఆ అక్షరాలు చదవలేరు, మాకెలా కనిపిస్తాయి? తెలియని విషయమా అంటే అదీ కాదు. ఈ జబ్బుని 1970లలోనే గుర్తించారు. 2007లో అమెరికాలో ఈ కేసులు పెరిగితే ఒక సొల్యూషన్‌ని మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించారు. పెట్టె మీద "నీళ్లు తగలనివ్వకండి" అని పెద్దగా ఒక బొమ్మ వేయడానికి ఇంకా ఏం కావాలి?

మందు సంగతీ అంతే. నాకు వేస్తున్న చుక్కల మందు పీహెచ్ఎంబీ, ఈతకొలను నీళ్లు శుభ్రం చేయడానికి కూడా వాడే రసాయనమే. 0.02 శాతానికి పలచన చేసి ఫార్మసీలో తయారుచేసి ఇస్తారు. మామూలు మందుల షాపులో దొరకదు. ఈ జబ్బు కోసమే తయారైన మందుకి యూరప్‌లో మొదటిసారి అనుమతి వచ్చింది 2024లో. అప్పటిదాకా అక్కలాంటి వాళ్లంతా ఇలాగే సీసా కోసం ఎదురుచూస్తూ గడిపారు. నేనూ అలాగే గడిపాను.

లెన్స్ వాడేవాళ్లు ఎవరైనా ఇది వింటుంటే, కన్ను ఎర్రబడి నొప్పిగా ఉండి వెలుతురు చూడలేకపోతే వెంటనే లెన్స్ తీసేయండి, పారేయకుండా డబ్బాతో సహా కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి, నేను లెన్స్ వాడతానని. కొన్ని బ్యాక్టీరియాలైతే ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డుని తినేస్తాయి, రేపు చూద్దాంలే అనుకోవద్దు.

తమ్ముడు ఇంకా ఎవరెవరో ఉన్నారని గుర్తు చేస్తున్నాడు. అవును, డాక్టర్ గారికి చేతులెత్తి దణ్ణం. రాత్రి డ్యూటీలో నొప్పికి ఇంజెక్షన్ ఇస్తూ కబుర్లు చెప్పిన నర్సు గారికి. మా ఫ్రిజ్ పాడైనప్పుడు మందు సీసాలు తమ ఫ్రిజ్‌లో పెట్టుకుని, అర్ధరాత్రి తలుపు కొట్టినా విసుక్కోని పై ఇంటివాళ్లకి. ఆఫీసులో నా పని మొత్తం మీద వేసుకున్న టీమ్‌కి. ఫార్మసీలో సెలవు రోజు వచ్చి మందు కలిపి ఇచ్చిన ఆయనకి, అయ్యో, ఆయన్ని ముందే చెప్పాల్సింది. ఇంకా ల్యాబ్‌లో టైమ్ అయిపోయినా వెళ్లకుండా స్లైడ్ చూసి, రిపోర్ట్ కోసం ఆగకుండా తానే పైకి పరుగెత్తుకొచ్చి డాక్టర్ గారికి చెప్పిన అమ్మాయికి. ఆమె పేరు అడగలేదు. వచ్చే చెకప్‌కి వెళ్లినప్పుడు కనుక్కుని ఇక్కడే రాయిస్తాను, ఆమెకి అభ్యంతరం లేకపోతే.