ఆ పిల్ల మోచెయ్యి జోలికి పోకు

అమ్మలూ,

ఫోన్‌లో చెప్పబోతే సగంలోనే బెల్ కొట్టేశారంటావు, అందుకే రాస్తున్నా. మీ బేస్‌బాల్ జట్టులో సెకండ్ బేస్ దగ్గర ఆడే పిల్ల దూరం నుంచి విసిరితే బంతి సూటిగా వస్తోందనీ, ఫస్ట్ బేస్‌కి ఇచ్చే చిన్న త్రోయే తలల మీదుగా పోతోందనీ, రోజూ మోచెయ్యి ఎక్కడుండాలో చూపిస్తున్నా తగ్గట్లేదనీ అన్నావు కదా. ముందు ఆ చూపించడం ఆపెయ్.

భుజంలో, మోచేతిలో నొప్పి ఉందేమో అమలాపురంలో ఎముకల డాక్టరుకి ఒకసారి చూపించు. అదేం లేదంటే ఇది యిప్స్ అయ్యుంటుంది, అంటే చేతికి బాగా అలవాటైన పనే ఉన్నట్టుండి కుదరకుండా పోవడం, మహామహులకే వచ్చింది. పిట్స్‌బర్గ్ పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) స్టీవ్ బ్లాస్ అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో 1971లో ఆఖరి మ్యాచ్ గెలిపించాడు, మరుసటి ఏడు 19 మ్యాచులు గెలిచాడు, 1973కి వచ్చేసరికి 89 ఇన్నింగ్స్ కూడా నిండకుండానే 84 వాక్‌లు, అంటే గురి తప్పి అన్నిసార్లు బ్యాటర్‌ని ఊరికే ఫస్ట్ బేస్‌కి పంపేశాడు! చేతికి చూస్తే దెబ్బేం లేదు. న్యూయార్క్ యాంకీస్ జట్టులో సెకండ్ బేస్ ఆడిన చక్ నాబ్లాక్‌దైతే అచ్చం మీ పిల్ల కష్టమే, 2000లో అతను ఫస్ట్ బేస్‌కి విసిరిన బంతి వెళ్లి స్టాండ్స్‌లో కూర్చున్న ఒక పెద్దావిడకి తగిలింది.

చిన్న త్రోకే ఎందుకు తప్పుతుందంటే, అక్కడ ఆలోచించుకునే టైమ్ ఉంటుంది. మన చేను కాలవ మీది తాటిపట్టె గుర్తుందా, గడ్డిమోపు నెత్తినెట్టుకుని రోజూ దాటే మనిషిని 'అడుగు చూసుకో' అన్నామంటే అప్పుడే కాలు తడబడుతుంది. చెయ్యి తనంతట తాను చేసే పనిని పిల్ల ఇప్పుడు కాపలా కాస్తోంది, నువ్వు మోచెయ్యి మోచెయ్యి అంటుంటే ఆ కాపలా ఇంకా పెరుగుతుంది.

కొన్నాళ్లు బేస్ తీసెయ్. టెన్నిస్ బంతి ఇచ్చి గోడ మీద సుద్దతో ఓ గుండ్రం గీసి, దాన్నే చూసి కొట్టమను, చేతి మాట ఎత్తకు. కుదిరాక అసలు బంతి, తర్వాత ఎదురుగా ఒక మనిషి, ఆ తర్వాత రన్నర్, చివర్లో చూసేవాళ్లు. బంతి అందుకోగానే తిరిగి విసిరేసేలా వరస మార్చి మార్చి వెయ్యి, ఆగి గురిచూసే వ్యవధి దొరక్కూడదు. తప్పు పోయిందని అక్కడికక్కడే వంద త్రోలు వేయించే మాస్టర్లుంటారు చూడు, వాళ్లలా మాత్రం చెయ్యకు. టీమ్‌లో వెక్కిరించే వాళ్ల నోరు నువ్వే మూయించాలి, నీకది బాగానే వచ్చు!

పైనుంచి రాకపోతే పక్క నుంచి విసరనీ, ఒక గెంతు వేయించి ఇవ్వనీ. పిచ్చర్ జాన్ లెస్టర్‌కి ఫస్ట్ బేస్‌కి త్రో అంటేనే గుండె దడ, తర్వాత నేలకి కొట్టి పంపడం మొదలెట్టాడు, 2016లో వరల్డ్ సిరీస్ గెలిచిన చికాగో కబ్స్ టీమ్‌లో ముఖ్యమైన పిచ్చర్లలో అతనొకడు. స్టీవ్ సాక్స్ 1983లో 30 ఎర్రర్లు చేసి కూడా సెకండ్ బేస్‌లోనే కుదురుకున్నాడు. అందరికీ అలా నయమవుతుందని మాత్రం ఆశ పెట్టకు. నాబ్లాక్‌ని 2001లో బేస్‌లకి దూరంగా ఔట్‌ఫీల్డ్‌లో ఎడమవైపు, లెఫ్ట్ ఫీల్డ్‌కి మార్చారు. పిచ్చర్ రిక్ ఆంకీల్ 2007లో ఔట్‌ఫీల్డర్‌గా తిరిగొచ్చాడు. మీ పిల్లకి దూరం త్రో ఎలాగూ బావుంది కాబట్టి, ఈ సీజన్‌కి ఔట్‌ఫీల్డ్ మధ్యలో, సెంటర్ ఫీల్డ్‌లో ఆడతావా అని అడుగు, కాకపోతే జట్టు ముందు కాకుండా విడిగా పిలిచి అడుగు.

గ్లవ్‌ల కుట్లు ఊడాయన్నావుగా, ఆదివారం వచ్చేటప్పుడు పట్రా, ఇక్కడ కుట్టించి పెడతాను. అమ్మ పూతరేకులు తెప్పించింది.

నాన్న